కోసిగి పట్టాలకు రెండు చివరలా పోర్టులే

రోటర్‌డామ్‌కు విదేశీ కంపెనీలు ఎందుకు వెళ్తాయి? శ్రీసిటీకి ఎందుకు వచ్చాయి? చేతిలో ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ ఉన్న మన పిల్లలకు అక్కడ ఏం పనులున్నాయి?

కోసిగి రైల్వేస్టేషన్‌లో పొద్దున పూట నిలబడితే రెండు రకాల జనం కనిపిస్తారు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఆదోని కాలేజీలకు పోయే పిల్లలు ఒక రకం. మూటాముల్లె, వంటసామాను, చంకలో పసిబిడ్డతో సుగ్గికి బయల్దేరిన కుటుంబాలు ఇంకో రకం. వాన సరిగ్గా పడని ఏడాది ఆ రెండో గుంపు పెద్దదవుతుంది. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు బిల్డింగు పనులకు కొందరు. వాళ్ల పిల్లల బడి ఆగిపోకూడదని సర్కారు సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వచ్చిన మండలం ఇది. రెండు గుంపులూ చాలాసార్లు ఒకే ఇంటివి. అమ్మానాన్న సుగ్గిలో ఉంటారు, కొడుకు డిగ్రీ సెకండియర్‌లో ఉంటాడు.

ఆ ప్లాట్‌ఫామ్ పక్క నుంచి పోయే పట్టాలు ఎందుకు వేశారో ఎప్పుడైనా ఆలోచించారా? మన కోసం కాదు. బొంబాయి రేవునూ మద్రాసు రేవునూ కలపడానికి. అటు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, ఇటు నుంచి మద్రాస్ రైల్వే పట్టాలు వేసుకుంటూ వచ్చి 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అంటే 150 ఏళ్లకు పైగా మనం రెండు పోర్టుల మధ్య దారిలోనే కూర్చుని ఉన్నాం. పత్తి ఎక్కింది, రాయి ఎక్కింది, కూలీలు ఎక్కారు. పోర్టులో కుర్చీ వేసుకుని కూర్చునే ఉద్యోగానికి ఎక్కినవాళ్లు మాత్రం తక్కువ.

నేను మొదటిసారి చెన్నైలో ఎగుమతుల కాగితాలు చూసే చిన్న ఆఫీసులో చేరుతున్నానని చెప్పినప్పుడు మా ఊళ్లో టీ హోటల్ దగ్గర ఒక పెద్దాయన అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. ‘సముద్రం యాడుందప్పా మనకు? పోర్టుతో మనకేం పని?’ అన్నాడు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆయనకూ, ఇప్పుడు అదే ప్రశ్న వేసుకుంటున్న మీకూ.

చిన్న దేశం, పెద్ద రేవు

ముందు ఒకసారి యూరప్ వెళ్లొద్దాం. నెదర్లాండ్స్ వైశాల్యంలో మన రాయలసీమ కంటే చిన్నది. అందులోని రోటర్‌డామ్ యూరప్‌లోకెల్లా పెద్ద పోర్టు. 1962 నుంచి 2004 దాకా సరుకు రవాణాలో ప్రపంచంలోనే మొదటి స్థానం దానిది. తర్వాత సింగపూర్, షాంఘై దాటిపోయాయి. ఇప్పటికీ ఏటా 40 కోట్ల టన్నులకు పైగా సరుకు అక్కడ ఎక్కుతుంది, దిగుతుంది. నగరం దగ్గర మొదలై నార్త్ సీ దాకా 40 కిలోమీటర్లకు పైగా పోర్టే.

ఇంత సరుకు ఆ చిన్న దేశంలోనే ఖర్చయిపోతుందా? కాదు. 2022–23లో మన దేశం నుంచి ఎక్కువ ఎగుమతులు వెళ్లిన దేశాల్లో అమెరికా, యూఏఈ తర్వాత మూడో స్థానం నెదర్లాండ్స్‌ది. మన రిఫైనరీల డీజిలూ పెట్రోలు ఉత్పత్తులూ రోటర్‌డామ్‌లో దిగి, అక్కడి నుంచి యూరప్ అంతా పోతాయి. కాగితం మీద కొనుగోలుదారు నెదర్లాండ్స్, వాడేది ఇంకొకరు. పోర్టు ప్రాంతం బలం అంటే ఇదే. సరుకు తనది కాకపోయినా తన గుమ్మం ముందు నుంచే పోవాలి.

దీనికి మొదటి కారణం రైన్ నది. రోటర్‌డామ్‌లో దించిన సరుకు బార్జీల్లో ఎక్కితే నది మీదుగా జర్మనీ కర్మాగారాల దాకా, ఇంకా పైకి పోతే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దాకా వెళ్తుంది. లారీ కిరాయి కంటే పడవ కిరాయి చవక. పోర్టు వెనక ఉండే ఈ ప్రాంతాన్ని వ్యాపారంలో ‘హింటర్‌లాండ్’ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. పోర్టు ఎంత లోతుగా ఉంటే అంత పెద్ద ఓడ వస్తుంది, నిజమే. కానీ ఆ ఓడ మళ్లీ మళ్లీ రావాలంటే వెనక నుంచి సరుకు రావాలి.

రెండోది డబ్బు లెక్క. విదేశీ కంపెనీ సరుకు దించగానే పన్ను కట్టమంటే దాని పెట్టుబడి అక్కడే ఇరుక్కుపోతుంది. నెదర్లాండ్స్‌లో ఒక లైసెన్సు ఉంది. అది తీసుకున్న కంపెనీ దిగుమతి వేళ వ్యాట్ చేతిలోంచి కట్టక్కర్లేదు, తర్వాత రిటర్నులో చూపించి సర్దుకోవచ్చు. వినడానికి చిన్న సౌకర్యమే. నెలకు వందల కంటైనర్లు దించే కంపెనీకి మాత్రం అది కోట్ల రూపాయల నగదు చేతిలో ఉండటంతో సమానం. బయటి దేశాల కంపెనీలు తమ యూరప్ గోడౌన్‌ను అక్కడ పెట్టుకోవడానికి ఇలాంటివీ కారణమే. దానికి తోడు గోడౌన్‌లో పనిచేసే మనిషి కూడా ఇంగ్లిష్ మాట్లాడతాడు.

అలాగని అక్కడ వేలమంది మూటలు మోస్తుంటారని అనుకోకండి. సముద్రాన్ని పూడ్చి కట్టిన మాస్‌వ్లాక్టె-2 అనే కొత్త భాగంలో టెర్మినల్స్ దాదాపు ఆటోమేటిక్. క్రేన్ నడిపే మనిషి క్రేన్ మీద ఉండడు, దూరంగా గదిలో తెర ముందు కూర్చుంటాడు. డ్రైవర్ లేని బండ్లు కంటైనర్లను మోసుకుపోతాయి. అక్కడ భుజబలం చూపించే కూలీ ఉద్యోగం తగ్గిపోయింది. కాగితం, కంప్యూటరు, మెకానిక్ పని పెరిగింది. మన దగ్గరా ఇదే జరుగుతోంది, కాస్త నెమ్మదిగా.

పులికాట్ ఒడ్డుకు వచ్చిన డచ్చివాళ్లు

ఇప్పుడు ఇంటికి వద్దాం. విదేశీ కంపెనీ మన తీరానికి రావడం కొత్త సంగతేం కాదు. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలుండేవి. వాటిలో ఒకటి రోటర్‌డామ్‌లో. ఆ కంపెనీ 1610లో పులికాట్‌లో స్థావరం పెట్టింది, తర్వాత గెల్డ్రియా అనే కోట కట్టింది. ఈ తీరంలో వాళ్ల వ్యాపారానికి చాలా కాలం అదే ముఖ్య కేంద్రం. ఇంగ్లిష్‌వాళ్లు కూడా మద్రాసు కంటే ముందు, 1626లో, ఆర్మగాన్ అని వాళ్లు పిలిచిన మన దుగరాజపట్నంలో దిగారు.

వాళ్లు మన సముద్రాన్ని చూసి రాలేదు. పులికాట్ దగ్గర ఓడ ఒడ్డుకు ఆనుకునేంత లోతు లేదు, చిన్న పడవల్లో సరుకు మోసుకెళ్లి దూరంగా ఆగిన ఓడకు ఎక్కించాల్సిందే. అయినా వచ్చారు. ఎందుకంటే వెనక ఊళ్లలో నేతగాళ్లున్నారు, రంగు అద్దేవాళ్లున్నారు. ఆ బట్టకు ఆగ్నేయాసియాలో గిరాకీ ఉంది. హింటర్‌లాండ్ అన్న మాట తెలియకపోయినా లెక్క అదే.

నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే పులికాట్ సరస్సుకు దగ్గర్లో, తడ పక్కన, సత్యవేడు–వరదయ్యపాళెం నేల మీద 2008లో శ్రీసిటీ మొదలైంది. ఈసారి వచ్చింది బట్టల కోసం కాదు. ఇప్పుడక్కడ 25కు పైగా దేశాలకు చెందిన 200కు పైగా కంపెనీలున్నాయి. జపాన్ కంపెనీ ఇసుజు 2016 ఏప్రిల్‌లో పికప్ ట్రక్కుల ఫ్యాక్టరీ తెరిచింది. కోబెల్కో క్రేన్లు చేస్తుంది. డైకిన్ ఏసీలు చేస్తుంది, ఆ ప్లాంటు 2023లో మొదలైంది. కెలాగ్స్, కోల్గేట్, క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండెలీజ్, ఇలా మన కిరాణా కొట్లో కనిపించే సరుకు చాలానే అక్కడి నుంచే వస్తుంది. ఎల్జీ తన కొత్త ఫ్యాక్టరీకి 2025 మేలో అక్కడే శంకుస్థాపన చేసింది.

నాకు బాగా నచ్చే ఉదాహరణ మాత్రం ఫ్రెంచ్ కంపెనీ ఆల్‌స్టామ్‌ది. చెన్నై, కొచ్చి, లక్నో మెట్రోలకు రైళ్లు శ్రీసిటీలో తయారయ్యాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ మెట్రోకు డ్రైవర్ లేకుండా నడిచే ఆరు బోగీల రైళ్లు 22 ఇక్కడే చేసి ఓడలో పంపారు. కెనడాలోని మాంట్రియల్‌కు 212 బోగీలు కూడా ఇక్కడి నుంచే వెళ్లాయి. సిడ్నీలో ఆఫీసుకు పోయే మనిషి కూర్చున్న బోగీకి వెల్డింగు, వైరింగు చేసింది తడ పక్కన పల్లెల్లోనో, పక్క జిల్లాల్లోనో ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు.

మెట్రో బోగీ లాంటి వస్తువును అనంతపురంలోనో హైదరాబాద్‌లోనో చేయలేరా? చేయొచ్చు. కానీ ఓడ ఎక్కించేది ఉంటే రేవుకు ఎంత దగ్గరైతే అంత మేలు. శ్రీసిటీకి చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి, కృష్ణపట్నం నాలుగు పోర్టులూ రోడ్డు మీద రెండు మూడు గంటల లోపే. ఒక పోర్టులో ఓడ ఆలస్యమైతే ఇంకో పోర్టు చూసుకోవచ్చు. ముందు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు కార్ల కంపెనీలకు విడిభాగాలు ఇచ్చే ఫ్యాక్టరీలు అప్పటికే ఉన్నాయి. తమిళనాడు బలాన్ని వాడుకుంటూ ఆంధ్రా నేల మీద కట్టుకున్న ఊరు అది. ఇది మన గొప్పా, వాళ్ల గొప్పా అని వాదించుకోవచ్చు గానీ కంపెనీకి సరిహద్దుతో పనిలేదు.

శ్రీసిటీ లోపల మూడు రకాల నేలలున్నాయి. ఎగుమతుల కోసం ఎస్‌ఈజడ్, మన దేశంలో అమ్ముకునే సరుకు చేసేవాళ్లకు డొమెస్టిక్ టారిఫ్ జోన్, సరుకు తెచ్చి నిల్వ పెట్టుకుని మళ్లీ పంపించేవాళ్లకు ఫ్రీ ట్రేడ్ వేర్‌హౌసింగ్ జోన్. కస్టమ్స్ లెక్కలో ఎస్‌ఈజడ్ గేటు లోపల అంటే దేశం బయట ఉన్నట్టే. గేటు దాటి బయటికి సరుకు వస్తే దిగుమతి అయినట్టు సుంకం కట్టాలి. రోటర్‌డామ్ వ్యాట్ లైసెన్సు గురించి పైన చెప్పానే, దాని వెనక ఉన్న ఆలోచనే ఇక్కడా ఉంది. కంపెనీ డబ్బు ఇరుక్కోకూడదు.

కృష్ణపట్నం: బొగ్గు ఎక్కువ, డబ్బాలు తక్కువ

అంతా బాగుందని రాస్తే మీరు నమ్మొద్దు. కృష్ణపట్నం సంగతే చూడండి. 2008లో ప్రారంభమైన ప్రైవేటు పోర్టు. 2020లో అదానీ సంస్థ 75 శాతం వాటా కొన్నది, మరుసటి ఏడాది మిగతాది కూడా తీసుకుంది. మంచి లోతు ఉంది, పెద్ద ఓడలు వస్తాయి. మొదట్లో ఇనుప ఖనిజం పోయింది, తర్వాత బొగ్గు వచ్చింది. కంటైనర్ టెర్మినల్ కూడా కట్టారు. 2024లో ఆ కంటైనర్ల వ్యాపారం తమిళనాడు పోర్టుల వైపు మళ్లిపోతోందని నెల్లూరులో పెద్ద గొడవే నడిచింది.

ఉద్యోగం వెతుక్కునే మీకు ఇది రాజకీయం కాదు, లెక్క. బొగ్గు ఓడ నుంచి కన్వేయర్ బెల్టు మీద పడి, రైలెక్కి, కరెంటు ప్లాంటుకు పోతుంది. మధ్యలో మనుషుల పని కొంచెమే. కంటైనర్ అలా కాదు. ప్రతి డబ్బాకు ఒక యజమాని, ఒక ఇన్‌వాయిసు, ఒక తనిఖీ, ఒక గోడౌన్, ఒక లారీ, ఒక బ్యాంకు కాగితం ఉంటాయి. అందుకే ‘పోర్టు వస్తోంది, ఉద్యోగాలు వస్తాయి’ అని ఎవరైనా అంటే, ‘ఏం సరుకు వస్తోంది?’ అని తిరిగి అడగండి.

అయితే రాయలసీమ వైపు నుంచి చూస్తే కృష్ణపట్నానికి ఒక మంచి దారి పడింది. కడప జిల్లా వైపు ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు పక్కన వెంకటాచలం దాకా 113 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం 2019 సెప్టెంబరు 1న ప్రారంభమైంది. వెలిగొండ కొండలను తొలిచి చెర్లోపల్లి–రాపూరు మధ్య 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. అంతకుముందు గుంతకల్లు వైపు నుంచి పోయే గూడ్సులు రేణిగుంట, గూడూరు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు కోసిగి పట్టాల మీద పోయే గూడ్సు కావాలంటే గుంతకల్లు, కడప మీదుగా నేరుగా కృష్ణపట్నం దారి పట్టొచ్చు.

ఆ లైను మొదలయ్యే ఓబులవారిపల్లె పక్కనే మంగంపేట ఉంది. ప్రపంచంలో పెద్ద ముగ్గురాయి నిల్వల్లో ఒకటి అక్కడిది. దాన్నే బెరైటీస్ అంటారు. చమురు బావులు తవ్వేటప్పుడు ఆ పొడిని బురదలో కలిపి వాడతారు. బరువైన రాయి కాబట్టి బావిలో పీడనాన్ని అదుపులో ఉంచుతుంది. గల్ఫ్‌లో, అమెరికాలో చమురు తవ్వేవాళ్లకు మన కడప రాయి కావాలి. సముద్రం చూడని రాయి ఓడెక్కి పోతుంటే, సముద్రం చూడని మనిషికి పోర్టుతో ఏం పని అనుకోవడం ఎందుకు?

సముద్రం లేని చోట పోర్టును నమ్ముకుని నిలబడ్డ ఇంకో ఉదాహరణ పెనుకొండ దగ్గరి కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019లో కార్ల తయారీ. దేశంలో అమ్మేవి కాక విదేశాలకు పోయే కార్లన్నీ రేవు చేరాల్సిందే. విదేశీ కంపెనీ మొదట అడిగేది నీళ్లు. కియాకు నీళ్లు హంద్రీ–నీవా కాలువతో నిండే గొల్లపల్లి రిజర్వాయరు నుంచి వెళ్లాయి. ఆ కాలువ మన జిల్లాలోంచే పోతుంది. కోసిగి చేలకు నీళ్లెప్పుడొస్తాయన్నది వేరే సంగతి, ఈ పేజీలో తేలేది కాదు.

ఒక డబ్బా ఓడెక్కాలంటే

సరే, మన పని దగ్గరికి వద్దాం. ఆదోని పత్తి మార్కెట్టు తెలియనివాళ్లు మనలో ఉండరు. ఆ పత్తితో తీసిన నూలు ఒక కంటైనర్ నిండా హాంబర్గ్ పోవాలనుకోండి. అమ్మేవాడికి ముందు డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబరు ఉండాలి. కొనేవాడితో ధర ఎలా మాట్లాడుకున్నారో చూడాలి. ఎఫ్‌ఓబీ అయితే చెన్నైలో ఓడ మీదికి ఎక్కించే వరకే మన బాధ్యత. సీఐఎఫ్ అయితే హాంబర్గ్ దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కూడా మనమే పెట్టుకోవాలి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ తయారు చేయాలి. నూలుకు సరిపోయే ఎనిమిది అంకెల హెచ్‌ఎస్ కోడ్ వెతకాలి. అది తప్పు పడితే సుంకం మారిపోతుంది. తర్వాత కస్టమ్స్ వారి ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు వేయాలి. డబ్బాను తూకం వేయించి ఆ లెక్క ఓడ కంపెనీకి పంపాలి. 2016 జులై 1 నుంచి ఈ తూకం కాగితం లేకుండా ప్రపంచంలో ఎక్కడా కంటైనర్‌ను ఓడ ఎక్కించరు. కస్టమ్స్ అధికారి ‘లెట్ ఎక్స్‌పోర్ట్’ ఆర్డరు ఇచ్చాక డబ్బా ఓడెక్కుతుంది. ఓడ కంపెనీ బిల్ ఆఫ్ లేడింగ్ ఇస్తుంది. సరుకు ఎవరిదో చెప్పే పత్రం అదే. బ్యాంకుకు పోయేదీ అదే.

ఈ ప్రతి మెట్టు దగ్గరా ఒక ఉద్యోగం ఉంది. మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు గానీ, ఇది బీకాం పిల్లలకు సరిగ్గా సరిపోయే పని.

నా మొదటి పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. చేరిన మూడో నెలలో, మొత్తం బరువు రాయాల్సిన చోట ప్యాకింగ్ తీసేసిన బరువు టైపు చేశాను. తూకం కాగితంలో ఒకటి, నా కాగితంలో ఇంకోటి. డబ్బా గేటు దగ్గర ఆగిపోయింది. దిద్దించేసరికి ఓడ వెళ్లిపోయింది. ఇంకో వారం ఆగి, యార్డు అద్దె కట్టి పంపాల్సి వచ్చింది. మా సీనియర్ అన్న తిట్టలేదు, ఆ అద్దె బిల్లు ప్రింటు తీసి నా టేబుల్ మీద అతికించాడు. అందులోని మొత్తం నా నాలుగు నెలల జీతం. ఆ తర్వాత అంకెలు రెండుసార్లు చదవకుండా ఏ కాగితమూ పంపలేదు. ఈ పనికి గొప్ప తెలివితేటలు అక్కర్లేదు, శ్రద్ధ కావాలి. ఆ శ్రద్ధ ఉన్న పిల్లలు మన వైపు చాలామంది ఉన్నారు.

ఈ రంగంలో పైకెళ్లడానికి దారి కూడా ఉంది. కస్టమ్స్ బ్రోకర్ దగ్గర ఉద్యోగం చేయడానికి ఇంటర్ పాసైతే చాలు. 2018 నిబంధనల ప్రకారం మొదట హెచ్ కార్డు ఇస్తారు. కొంత పని నేర్చుకుని పరీక్ష పాసైతే జీ కార్డు. డిగ్రీ ఉండి, అనుభవం వచ్చాక పెద్ద పరీక్ష రాసి సొంతంగా లైసెన్సు తెచ్చుకోవచ్చు. లక్షలు పోసి లాజిస్టిక్స్ డిప్లొమా చేయమని ప్రకటనలు చూస్తుంటారు. చేరేముందు ఒక చిన్న బ్రోకర్ ఆఫీసులో ఆరు నెలలు పనిచేసి చూడండి. ఆ డిప్లొమా మీకు కావాలో వద్దో అప్పుడు మీకే తెలుస్తుంది.

బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లకు ఇంకో తలుపుంది. యూరప్‌కు మిరపకాయ పోవాలంటే పురుగుమందు అవశేషాలు, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం హద్దు దాటకూడదు. దాటితే రోటర్‌డామ్‌లోనో హాంబర్గ్‌లోనో డబ్బా వెనక్కి తిప్పుతారు. అందుకే స్పైసెస్ బోర్డుకు గుంటూరులో, చెన్నైలో ల్యాబులున్నాయి. ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. మన అమ్మానాన్న కూలికి కోసే మిరపకాయకే మనం ల్యాబులో సర్టిఫికెట్ ఇచ్చే పని ఇది.

భాష గురించి ఒక మాట. ఇంగ్లిష్ రాదని మనవాళ్లు ముందే వెనకడుగు వేస్తారు. ఎగుమతుల ఆఫీసులో వాడే ఇంగ్లిష్ రెండు వందల వాక్యాలకు మించదు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక నెలలో పట్టుకోవచ్చు. కోసిగి, కౌతాళం వైపు పిల్లలకు తెలుగుతో పాటు కన్నడం ఇంట్లోనో వీధిలోనో వస్తుంది, చాలామందికి ఉర్దూ, హిందీ కూడా అర్థమవుతాయి. కర్ణాటక లారీ డ్రైవర్‌తో, బిహార్ గోడౌన్ కుర్రాడితో, ఆంధ్రా రైతుతో ఒకే పూటలో మాట్లాడగలిగే మనిషి లాజిస్టిక్స్ ఆఫీసుకు ఎంత అవసరమో మీకు తెలియదు. బయోడేటాలో ‘లాంగ్వేజెస్ నోన్’ అనే గడిని ఖాళీగా వదలకండి.

చేరే ముందు అడగాల్సినవి

శ్రీసిటీ, పెనుకొండ వైపు ఫ్యాక్టరీ ఉద్యోగాలకు మన దగ్గర జాబ్‌మేళాలు పెడుతుంటారు. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ చేసినవాళ్లకు, డిప్లొమా మెకానికల్‌కు వెంటనే పిలుపు వస్తుంది. ఇంటర్ పాసైన అమ్మాయిలను ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్లలోకి తీసుకుంటారు. కంపెనీ పేరు పెద్దదే ఉంటుంది, నియామక పత్రం మీద ఇంకో పేరుంటుంది. అది కాంట్రాక్టరు పేరు. అందులో తప్పేం లేదు, కానీ మీకు తెలిసి ఉండాలి. పీఎఫ్ యూఏఎన్ నంబరు ఎప్పుడు ఇస్తారు? నెల జీతం 21 వేల లోపైతే ఈఎస్‌ఐ కార్డు రావాలి, వస్తుందా? చెప్పిన జీతంలో హాస్టలు, బస్సు, క్యాంటీన్‌కు ఎంత పట్టుకుంటారు? కాంట్రాక్టు ఎన్ని నెలలు? అప్రెంటిస్‌గా తీసుకుంటున్నారా, ఉద్యోగిగానా? ఈ ప్రశ్నలు అడిగితే ఉద్యోగం పోతుందని భయపడతారు. సరైన సంస్థ అయితే జవాబు చెబుతుంది. జవాబు చెప్పకుండా విసుక్కుంటే ఆ మేళాలో ఇంకో టేబుల్ దగ్గరికి వెళ్లండి.

అమ్మాయిల విషయంలో ఇంకొంచెం ఆగాలి. మన వైపు ఒక పిల్లను 500 కిలోమీటర్ల దూరం పంపడానికి తండ్రి ఒప్పుకోవడమే పెద్ద సంగతి. ఒకసారి పంపి, ఏదైనా తేడా వచ్చి తిరిగొస్తే, ఆ వీధిలో తర్వాతి పిల్లకు దారి మూసుకుపోతుంది. అందుకే మొదటిసారి తల్లిదండ్రులు వెంట వెళ్లి హాస్టలు, నైట్ షిఫ్టు బస్సు చూసి రావడం మంచిది. ఆ రోజు కూలి పోతుంది, నిజమే. అయినా వెళ్లండి.

హాంబర్గ్ అన్న మాట వచ్చింది కాబట్టి విదేశం గురించి కూడా అడుగుతారు. హాంబర్గ్ సముద్రానికి 100 కిలోమీటర్లకు పైగా లోపల, ఎల్బె నది మీద ఉన్న పోర్టు. జర్మనీలో చదువుతూ పని నేర్చుకునే ‘ఔస్‌బిల్డుంగ్’ పద్ధతి ఉంది, లాజిస్టిక్స్ ట్రేడులు కూడా అందులో ఉన్నాయి. 2024 జూన్ నుంచి ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చేవాళ్లకు పాయింట్ల మీద ‘ఛాన్సెన్‌కార్టె’ ఇస్తున్నారు. దారి నిజమైనదే. కానీ ఔస్‌బిల్డుంగ్‌కు సాధారణంగా బీ1 స్థాయి జర్మన్ కావాలి, అది మూడు నెలల్లో వచ్చేది కాదు. చెన్నైలో గోథె ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్ నేర్పిస్తాయి. ‘భాష అక్కర్లేదు, నాలుగు లక్షలు కట్టు, పోర్టులో పని గ్యారంటీ’ అనే ఏజెంటు వస్తే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగిన సర్వీసు ఛార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. పొలం అమ్మి కట్టాల్సిన అవసరం ఏ నిజమైన ఉద్యోగానికీ రాదు.

అంత దూరం వద్దనుకుంటే జిల్లాలోనే ఒక కొత్త చోటు తయారవుతోంది. హైదరాబాద్–బెంగళూరు కారిడార్‌లో ఓర్వకల్లు పారిశ్రామిక ప్రాంతానికి 2,621 ఎకరాల్లో, కడప దగ్గర కొప్పర్తికి 2,596 ఎకరాల్లో కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. ఓర్వకల్లుకు విమానాశ్రయం 2021 నుంచే ఉంది. ఫ్యాక్టరీలు లేచి, షిఫ్టు సైరన్ మోగడానికి సమయం పడుతుంది. ఇప్పుడు ఫస్టియర్‌లో ఉన్నవాళ్లు డిగ్రీ చేతికొచ్చే నాటికి అక్కడి సంగతి కొంత తేలుతుంది. అప్పటికి మీ చేతిలో రెండేళ్ల శ్రీసిటీ అనుభవమో, చెన్నై ఆఫీసులో సంపాదించిన జీ కార్డో ఉంటే, ఓర్వకల్లులో మొదటి ఎగుమతి డబ్బా నింపే కంపెనీకి మీరే ముందు కావాలి.

ఈలోపు ఖర్చు లేని ఒక పని చెబుతాను. ఈసారి స్టేషన్‌లో కంటైనర్ల గూడ్సు పోతుంటే ఆ డబ్బాల మీద ఉన్న అక్షరాలు చదవండి. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. మొదటి మూడు అక్షరాలు యజమానివి, నాలుగోది ఎక్కువగా ‘యు’. ‘ఎంఎస్‌సీయూ’ అని ఉంటే జెనీవాలో ఆఫీసున్న ఎంఎస్‌సీ వాళ్లది. ‘హెచ్‌ఎల్‌సీయూ’ అని ఉంటే హపాగ్-లాయిడ్‌ది, దాని ఆఫీసు హాంబర్గ్‌లో ఉంది. ‘ఎంఎస్‌కేయూ’ అయితే డెన్మార్క్ కంపెనీ మెర్స్క్. చివరి అంకె మిగతావన్నీ సరిగ్గా రాశారో లేదో సరిచూసుకోవడానికి లెక్కగట్టి పెట్టినది. ఆ నంబరు రాసుకుని ఓడ కంపెనీ వెబ్‌సైటులో ట్రాకింగ్ గడిలో కొట్టండి. మన కోసిగి దాటిన డబ్బా ఏ ఊరు నుంచి వచ్చిందో, ఏ ఓడ ఎక్కబోతోందో ఫోన్‌లో కనిపించే అవకాశం ఉంది.